రాకపోతేనే సంతోషమన్న మేడం

ఈ తెల్లవారుజామున కూడా డీజిలు వాసన ముక్కుకు తగలగానే మెలకువ వచ్చింది. మా ఆయన రాజు పడవ ఇంజనులో పోయడానికి క్యాను సిద్ధం చేసుకుంటున్నాడు. ఒకప్పుడు ఈ వాసనకే నా గుండె దడదడలాడేది. ఇప్పుడు లేచి టీ పెట్టాను. టీ మరుగుతుంటే ఎప్పటిలాగే కౌన్సెలర్ సత్యవతి మేడం గుర్తొచ్చారు. జీవితంలో ఆవిడను చూసింది ఒక్కసారే.

మాది భోగాపురం దగ్గర చేపలు పట్టేవాళ్ల ఊరు. ఒక గాలివానలో రాజు పడవ దారి తప్పి, మర్నాటికి గానీ ఒడ్డుకు చేరలేదు. మనిషి క్షేమంగానే వచ్చాడు, భయం మాత్రం నన్ను పట్టుకుంది. ఆయన కాసేపు కనబడకపోతే చాలు, చేతులు చల్లబడి ఊపిరి ఆడేది కాదు. ఫోన్ మీద ఫోన్ చేసేదాన్ని. ఇంట్లోవాళ్లు నా మీద ప్రేమతో ఒక ఉపాయం కనిపెట్టారు. పడవ ఎప్పుడు వెళ్లేదీ నాకు చెప్పకుండా, నేను నిద్రలో ఉండగానే ఆయన్ను పంపేసేవారు. అయినా నా భయం పెరిగిందే కానీ తగ్గలేదు. చివరికి పడవలో వాటా అమ్మేసి, విమానాశ్రయం దగ్గర కాపలా పనిలో చేరతానన్నాడు రాజు. నీళ్లు తప్ప ఇంకో లోకం తెలియని మనిషి ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

అత్తమ్మ నన్ను విజయనగరంలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. గుండెకు ఏమీ లేదని తేల్చి, డాక్టరు మమ్మల్ని మేడం గదికి పంపారు. ఆవిడ అంతా విని, "ఆయన నీళ్లలో ఉంటే నువ్వేటి సేస్తావమ్మా?" అని అడిగారు. ఫోన్ చేస్తానన్నాను. "సముద్రంలో సిగ్నల్ ఉంటాదేటి?" ఉండదని చెబుతూ నాకే నవ్వొచ్చింది. అత్తమ్మ అందుకుంది. "అందుకే పడవెల్లిందని దీనికి సెప్పమండి. తెలిస్తే బెంగెట్టుకుంటాది." మేడం ఆమె వైపు తిరిగారు. "మీరు దాస్తన్నారు కాబట్టే ఈ అమ్మాయికి రోజూ పడవెల్లినట్టే ఉంటాది. అబ్బాయి సంతకెల్లినా సముద్రంలో ఉన్నట్టే కదమ్మా."

"ఇకమీదట ఆయన నీకు సెప్పే ఎల్లాల. నువ్వు ఒడ్డుకెల్లి సాగనంపు. పడవలు తిరిగొచ్చేదాకా ఫోన్ ముట్టుకోకు. భయం వస్తాది, రానీ. కాసేపటికి అదే తగ్గుతాది. నీ పని మాత్రం ఆపకు" అన్నారు మేడం. మళ్లీ ఎప్పుడు రావాలని అడిగాను. "కొందరికి మందులు కావాల, నెలల తరబడి రావాల. నీకు ఇది సాలదనిపిస్తే మొగమాటం లేకుండా రా. రాకపోతేనే నాకు సంతోషం." బస్సులో అత్తమ్మ గొణుగుతూనే ఉంది. "ఒక్క మాత్రయినా రాయలేదు. దీనికోసమేటి ఇంత దూరమొచ్చింది?"

మొదటిసారి ఒడ్డున నిలబడి రాజును సాగనంపాను. పడవ కనుమరుగయ్యాక ఫోన్ అత్తమ్మ చేతికిచ్చి చేపలు ఎండవేస్తూ కూర్చున్నాను. భయం వచ్చింది, చాలాసేపే ఉంది. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు, కాకులను తోలే పనిలో పడ్డాను. కొన్నాళ్లకు రాజు కాపలా పని ఊసెత్తడం మానేశాడు. ఇప్పటికీ సముద్రం గట్టిగా హోరెత్తిన రోజు గుండె జారుతుంది. ఆ రోజు చేపలను ఇంకాస్త శ్రద్ధగా తిరగేస్తాను.

ఇవాళ ఒడ్డున "ఎల్లొస్తానే" అన్నాడు రాజు. "ఎల్లిరా" అన్నాను. ఎండుచేపలు అమ్మడానికి విజయనగరం వెళ్లినప్పుడల్లా ఆటో ఆ ఆసుపత్రి గేటు ముందు నుంచే పోతుంది. దిగి, మేడం చేతిలో ఒక పొట్లం పెట్టి, దండం పెట్టాలనిపిస్తుంది. దిగను. ఆవిడ నన్ను అడిగిన సంతోషం అదొక్కటే కదా.