కొర్రమేను కోసం వాయిదా పడ్డ సూది

మా తమ్ముడు ఆకివీడు దగ్గరి పల్లెలో పశువుల ఆసుపత్రి అసిస్టెంటు. కుక్క కరవకముందే కుక్క సూదులు వేయించుకోమని పై ఆఫీసు నుంచి కాగితం వస్తే ఊరంతా నవ్వింది. "ముందు ఏ కుక్క చేత కరిపించుకుంటారో చూసుకోండి, తర్వాత సూది" అన్నాడట ఒక చేపల చెరువు ఆసామి. పశువుల నోట్లో చేతులు పెట్టేవాళ్లకి ఆ సూదులు ముందే పడాలని నేను పోట్లాడి, వాణ్ని ఏలూరు రప్పించి మొదటిది వేయించాను. ఏడో రోజున రెండోది. మూడోది ఇరవై ఒకటో రోజున పడాలి.

పథ్యం అక్కర్లేదని నర్సు మొదటి రోజే చెప్పింది. మా అమ్మ వింటేనా? కుక్క సూది పడ్డవాడు నీచు ముట్టకూడదంది. కొల్లేటి ఒడ్డున ఉంటూ మా వాడు మూడు వారాలు పప్పన్నం తిన్నాడు. ఇరవై ఒకటో రోజున మాత్రం బకెట్లో రెండు బతికున్న కొర్రమేనులతో మా గుమ్మంలో దిగాడు.

"ఇవాళ సూది పడితే మళ్లీ పథ్యమే కదక్కా. వచ్చే వారం వేయించుకుంటాలే."

ఆటోవాడితో, బ్యాంకు మేనేజరుతో, ఆఖరికి మా ఆయన తరఫు పెద్దలతో కూడా గంటలకొద్దీ వాదించే మనిషిని. ఆ రోజు చింతపండు పిసుకుతూ, "సరేలే, నీ ఇష్టం" అన్నాను. ఒక్క మాట. పులుసు బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. వచ్చే వారం వాడు వెళ్లలేదు, నేను అడగలేదు.

మొన్న వానాకాలంలో గుండుగొలను నుంచి ఒక రైతు వాడికి ఫోన్ చేశాడు. "గేదె గొంతులో ఏదో అడ్డం పడిందండీ, చొంగ కారిపోతోంది." మా దగ్గర చొంగ కారిందంటే మామిడి టెంకో, తాటి టెంకో అడ్డం పడిందనే అనుకుంటారు. వీడూ అదే అనుకుని, తొడుగు లేకుండా మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. టెంక దొరకలేదు. వేళ్ల మీద పళ్లు గీరుకుంటే బోదె కాలవ నీళ్లలో కడుక్కున్నాడు. మూడో రోజున గేదె చచ్చింది. రెండు నెలల కిందట దాన్ని పిచ్చికుక్క కరిచిందని రైతుకి అప్పుడు గుర్తొచ్చింది.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు వాడి కార్డు తిప్పి చూశారు. "మూడూ పడి ఉంటే ఇప్పుడు రెండు సూదులతో పోయేదండీ. ఇది సగంలో ఆపేశారు. కొత్తగా మొదలుపెట్టాలి, సీరం కూడా ఎక్కించాలి. మూడోది ఎందుకు మానేశారు?"

వాడు నా వైపు చూడలేదు. "కుదర్లేదండీ" అన్నాడు.

సీరం ఆ గీతల్లోకే ఎక్కించారు. వేళ్ల మీద మాంసం ఎంతుంటుంది? వాడు పంటి బిగువున మూలిగాడు. నేను గోడ మీది పోస్టరు చదువుతూ నిలబడ్డాను.

సూదులన్నీ అయిపోయాయి. మూడు రోజులు ఆలస్యమైనా మందు పనిచేస్తుందని, భయం అక్కర్లేదని డాక్టరు చెప్పారు. ఆ జబ్బు నెలల తర్వాత కూడా బయటపడొచ్చని, అప్పుడు గుక్కెడు నీళ్లు కూడా మింగలేరని నేనెక్కడో చదివాను. చదువుకున్నందుకు నాకు మిగిలింది అదే. రోజూ పొద్దున్నే వాడికి ఫోన్ చేసి, "కాఫీ తాగావా, నీళ్లు తాగావా" అని అడుగుతున్నాను. మొదట్లో నవ్వాడు. తర్వాత విసుక్కున్నాడు.

పోయిన వారం వాడు ఇంటికొస్తే గ్లాసుతో నీళ్లిచ్చి, ఎదురుగా నిలబడ్డాను. వాడి గొంతు వైపే చూస్తున్నానని వాడికి తెలిసిపోయింది. మెల్లగా, చుక్క మిగల్చకుండా తాగి గ్లాసు నా చేతికిచ్చాడు.

"చాలా అక్కా?"

ఇంకో గ్లాసు నింపాను.