పసుపు పట్టిన పిస్తోలు

మా ఊళ్లో నా గురించి ఒక మాట చెప్పుకుంటారు. తండ్రిని పట్టించాడనుకున్న మనిషి పిస్తోలు ముందు దొరికినా, చంపడానికి మనసొప్పక వదిలేశానని. పోయినేడు సూర్యాపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎదురు బంతిలోని కుర్రవాళ్లకు నన్ను అలాగే పరిచయం చేశాడు. నేను పప్పు కలుపుకుంటూ తల వంచుకున్నాను. దాన్ని కూడా ఆయన వినయం కిందే జమకట్టాడు. జరిగింది అది కాదు.

మాది గరిడేపల్లి పక్కన చిన్న ఊరు. నిజాం రాజ్యం చివరి రోజుల్లో తుపాకులు పట్టుకున్న మూకలు ఊళ్ల మీద పడేవి. నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు మా నాయన అన్నం పెట్టాడని ఆ మూకకు తెలిసింది. నాయన ఇల్లు వదిలి, వెనక వీధిలోని గొర్ల కాపరి దొడ్డిలో దాక్కున్నాడు. ఆ కాపరిది మా కులం కాదు గానీ ఊరి వరసకు నేనాయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. నాయన అక్కడున్నట్టు అమ్మకూ నాకూ మామకూ తప్ప ఎవరికీ తెలియదని మా నమ్మకం. ఒక మధ్యాహ్నం ఆ మూక ఇంకే ఇల్లూ వెతక్కుండా నేరుగా దొడ్డికే వచ్చింది. వాళ్లు కొట్టిన దెబ్బలతో పడుకున్న నాయన మళ్లీ లేవలేదు.

దినం నాడు మామ వచ్చి గోడవార నిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు ఎక్కువనిపించింది. ఏడవకపోయినా అనుమానించే ఉండేవాణ్ణి.

అమ్మను తీసుకుని కోదాడలో మేనమామ ఇంటికి చేరాను. మరీ మించివస్తే పక్కనే ఉన్న ఆంధ్ర సరిహద్దు దాటొచ్చని అక్కడికి చాలామంది వచ్చి ఉన్నారు. పని లేదు. పొద్దంతా సైకిలేసుకుని రోడ్డు మీద ఇటూ అటూ తిరిగేవాణ్ణి. అక్కడ లారీలు బాగుచేసే ఒక మేస్త్రీ ఉండేవాడు. బెజవాడ వైపు మనిషి, యుద్ధంలో మిలిటరీ బళ్లు బాగుచేసి వచ్చినవాడు. మాటల్లో పడి ఒకనాడు పనిముట్ల పెట్టె అడుగునుంచి నూనెగుడ్డలో చుట్టిన పిస్తోలు తీసి చూపించాడు. అరచేతిలో పట్టేంత ఉంది. ఏ దొర జేబులో తిరిగిందో, పక్కన చెక్కిన అక్షరాలు చెరిగిపోయాయి. పిడి మీది పట్టీ ఒక అంచున విరిగింది.

"ఇది దొరసానులు సంచిలో పెట్టుకునే సామాను బాబూ," అన్నాడు. "మనిషి పక్కకెళ్లి కాల్చాలి. దూరంనించి కాలిస్తే పిట్ట కూడా నవ్వుద్ది."

"పక్కకెళ్లే కాలుస్తా," అన్నాను.

నా మొహం చూసి పిస్తోలు వెనక్కి లాక్కున్నాడు. "ఎవరినేంటి?"

"అడివి పందులను."

"పందులు పక్కకి రానిస్తయ్యా!" అని నవ్వాడు గానీ, నా సైకిలు మీద అతనికి ఎప్పటినుంచో కన్నుంది. సైకిలు అతని దగ్గర వదిలి, పిస్తోలూ కాసిని తూటాలూ తెచ్చుకున్నాను.

ఆనాటి నుంచి నాకు నిలకడ పోయింది. ధోవతి మడతలో నడుముకు దోపుకునేవాణ్ణి. కూర్చుంటే గుచ్చుకునేది, లేస్తే జారిపోతుందేమోనని చెయ్యి అక్కడికే పోయేది. ఎవరైనా మాట్లాడుతుంటే సగమే వినిపించేది. అన్నం తింటూ కూడా ఎడమచెయ్యి నడుము మీదే. "కడుపులో నొప్పా?" అని మా అత్త వాముపొడి కలిపి ఇచ్చింది. తాగాను.

మేనమామ బండి సున్నపురాయి కోసం మేళ్లచెరువు వైపు వెళ్లేది. తోడు వస్తానని వెళ్లి, వాళ్లు రాయి ఎత్తుతుండగా దూరంగా పాడుబడ్డ గుంటలోకి దిగి కాల్చడం నేర్చుకున్నాను. మొదటిసారి కళ్లు మూసుకున్నాను. ఎండుకట్టె విరిగినంత చప్పుడు, మణికట్టులో ఒక కుదుపు, తెల్లటి దుమ్ము. రాతి మీద పెట్టిన పిడత చెక్కుచెదరలేదు. ఇంకా దగ్గరికి జరిగాను. అప్పుడూ తగలలేదు. చివరికి చెయ్యి చాపితే అందేటంత దూరంలో నిలబడితే పిడత పగిలింది. మేస్త్రీ చెప్పింది నిజమే. ఆ దూరంలో మనిషైతే మొహం కనిపిస్తుంది, ఊపిరి తగులుతుంది. ఆ సంగతి నన్ను ఆపలేదు. పిడతలో నాకు మామ మొహమే కనపడేది. మిగిలిన తూటాలు వాడకుండా దాచాను.

సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. మేము ఊరికి తిరిగి వచ్చాం. ఆయుధాలున్నవాళ్లు సూర్యాపేట క్యాంపులో అప్పజెప్పాలని దండోరా వేశారు. నేను పిస్తోలును వడ్ల గుమ్మిలో దాచాను. దసరాకు పిండివంటల కోసం వడ్లు తీయబోయిన అమ్మ చేతికి అది తగిలింది.

అమ్మ అరవలేదు. "ఎవనికోసం దాసినవో నాకెరికే," అంది. "దీన్ని ఇచ్చేసి రా. ఇయ్యాల కాదు, పండుగెల్లినంక. మీ నాయన ఉన్నన్ని రోజులు ఇంట్ల ఇనుము ఏదున్నా దసరాకు పూజ జేయకుండ ఇడ్సలే. గిది గుడ ఇంట్లదే గద."

నాగలి కర్రు, గొడ్డలి, కొడవళ్లు, కత్తిపీట, వాటి పక్కన నా పిస్తోలు. అమ్మ పసుపులో నువ్వులనూనె కలిపి అన్నిటికీ దట్టంగా పూసింది. కొడవలికి పూసినట్టే దీనికీ పూసింది. సందుల్లోకి వేలు పెట్టి మరీ పూసి, గొట్టం మూతి మీద కుంకుమబొట్టు పెట్టింది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు కదిలించేదాకా ముట్టుకోకూడదు. నేను దాని చుట్టూ పిల్లిలా తిరిగాను.

ఆ సాయంత్రం మామ జమ్మి ఆకు పట్టుకుని మా గడపలోకి వచ్చాడు. దసరా నాడు బంగారమని జమ్మి ఇస్తే పగవాడైనా పుచ్చుకోవాలి, అలాయ్ బలాయ్ తీసుకోవాలి. "బంగారం తీస్కో అల్లుడా," అన్నాడు. తీసుకున్నాను. ఆయన నన్ను కౌగిలించుకుంటే ఆయన భుజం మీదుగా పూజలోని పిస్తోలు కనిపిస్తోంది. పక్కకెళ్లి కాల్చాలి అన్న మేస్త్రీ మాట గుర్తొచ్చింది.

మర్నాడు అమ్మ దాన్ని నా చేతికిచ్చి, "తిన్నగ సూర్యాపేట పో," అంది. పైపైన గుడ్డతో తుడిచి, తూటాలు ఎక్కించి, నడుముకు దోపుకుని బయలుదేరాను. దారి తిన్నగానే ఉంది. నేను కంకరదిబ్బ వైపు తిరిగాను. మామ అక్కడ ఒంటరిగా గొర్లు మేపుతున్నాడు.

"ఏంది అల్లుడా, గిట్లొచ్చినవ్?"

పిస్తోలు తీశాను. ఆయన చేతిలో కర్ర జారింది.

"మా నాయన నీ దొడ్ల ఉన్నడని ఎవరు చెప్పిన్రు?"

"నేను చెప్పలే అల్లుడా. నా బిడ్డ మీద ఒట్టు. నేను చెప్పలే."

ఇక్కడే ఊరి మాటకూ నిజానికీ దారులు వేరవుతాయి. నేను వదిలేయలేదు. ఆయన గుండెకు జానెడు దూరంలో పెట్టి మీట నొక్కాను. వేలు సగం దాకా పోయి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను. సందుల్లో నూనె, పసుపు, కుంకుమ కలిసి జిగురై బిగుసుకున్నాయి. నా చెయ్యి దానంతట అదే కిందికి దిగింది. మామ నా కాళ్ల మీద పడ్డాడు. "సచ్చి బతికిన అల్లుడా, నీది దేవుని మనసు," అన్నాడు. గొర్లు మేస్తూనే ఉన్నాయి.

పరుగులాంటి నడకతో పొద్దుగూకేసరికి సూర్యాపేట చేరాను. క్యాంపులోని జవాను పిస్తోలు పై రేకు వెనక్కి లాగబోతే రాలేదు. వేళ్లకంటిన పసుపు చూసుకుని, "దీనికి పెళ్లి చేశారా ఏంది?" అని హిందీలో అడిగి పకపకా నవ్వాడు. పక్కనున్న తుపాకుల కుప్ప మీదికి విసిరేశాడు.

మర్నాడు నేను ఇల్లు చేరేసరికి మామ ఊరంతా చెప్పేశాడు. ఆడవాళ్లు అమ్మ దగ్గరికి వచ్చి, కొడుకంటే వీడే అన్నారు. అమ్మ నా మొహంలోకి చూసి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. కాదని చెప్పడానికి ఆ ఒక్క పూట చాలు. ఆ పూట దాటాక ప్రతి ఏడూ కష్టమైపోయింది. ఆ మంచిపేరుతోనే ఊళ్లో తగువులు తీర్చాను, నాకు పిల్లనిచ్చినవాళ్లు కూడా ఆ మాట వినే ఇచ్చారు. నాయన సంగతి మామను మళ్లీ అడగలేదు. అది అడిగితే ఇదీ చెప్పాల్సి వస్తుంది.

పెళ్లి భోజనాల మర్నాడు మిర్యాలగూడ బస్సెక్కాను. మామ ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. చూపు మందగించినా నా గొంతు పోల్చుకుని మంచం మీద జరిగి చోటిచ్చాడు. కూతురు చాయ్ పెట్టి లోపలికి వెళ్లింది. నేను కూర్చోలేక, లేచి నిలబడే చెప్పాను.

"మామా, ఆ పొద్దు నేను నిన్ను ఇడ్సిపెట్టలే. నొక్కిన. అది పేలలే."

ఆయన చాయ్ ఊదుకున్నాడు. "నాకెర్కనే."

"ఎట్ల?"

"నీ ఏలు సూడలేదా నేను? నొక్కి నొక్కి తెల్లగైంది. గొర్రె గొంతు మీద కత్తి పెట్టేటోని మొఖం నాకెర్క లేదా అల్లుడా?"

"మరి ఊరందరికి గట్లెందుకు చెప్పినవ్?"

"చెప్పకుంటే మళ్ల రావా?" అన్నాడు. "తుపాకి బాగు జేపిచ్చుకోని మర్నాడొస్తవ్. ఊరంత నిన్ను దేవుడన్నంక నువ్వెట్లొస్తవ్? అందుకే ఉరికి ఉరికి చెప్పిన. యాడాది దాక చీకటైతె గడప దాటలే. నువ్వు ఎదురైతె నవ్విన, ఇంటికి పోయి వణికిన."

మంచం అంచున కూర్చున్నాను. "నాయన సంగతి..." అన్నాను.

"అప్పుడే చెప్పిన గద. నేను చెప్పలే అని. నువ్వు ఇనకముందే నొక్కినవ్."

ఎవరు చెప్పారో ఆయనకూ తెలియదట. నేను నమ్మాను. ఇంతకాలానికి నా నమ్మకం ఆయనకు ఎందుకు?

"అందరికి నిజం చెప్త మామా. రాసి పెడ్త."

"రాయి. నేను భయపడ్డట్టు గుడ రాయి, దాస్తె ఏమొస్తది." గొంతు తగ్గించాడు. "ఇగ గీడికి రాకు అల్లుడా. కోపమేం లేదు. నువ్వొచ్చిపోయినంక నాకు నిద్ర పట్టదు."

బస్టాండులో బస్సు ఉన్నా ఎక్కబుద్ధి కాక, సాయంత్రం దాకా ధాన్యం బళ్ల మధ్య తిరిగాను. మిర్యాలగూడకు మళ్లీ వెళ్లలేదు. ఆయన కోసం నేను చేయగలిగిన పని అదొక్కటే మిగిలింది.