పసుపు కుంకుమ పెట్టిన టేపులు

మా అత్త కడుపులో రాళ్ళున్నాయని చిక్కబళ్ళాపురం డాక్టరు చెప్పినప్పుడు ఆమె పెద్దగా బెంగపడలేదు. "గూళూరు బియ్యం తిన్నోళ్ళకు రాళ్ళుగాక ముత్యాలుంటాయా" అంది. ఆపరేషన్ అనేసరికి మాత్రం కొంగు సర్దుకొని, కుర్చీ ముందుకు జరుపుకొని, మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళ కిందట బాగేపల్లిలో ఒక ట్రస్టు ఆస్పత్రిలో ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మరుసటి రోజు ఎవరో ఒక సూది వేశారు. వేసిన నిమిషంలో ఆమె చచ్చిపోయింది. తర్వాత బతికింది.

ఆ చచ్చిపోయే భాగం ఏడాదికేడాది పొడుగవుతూ వచ్చింది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఐదు నిమిషాలుండేది. ఈ మధ్య అరగంట దాటింది. మా ఆయన సరిగ్గా అక్కడికి రాగానే మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోతాడు. నేను ఆమె వెనక నిలబడి పెదవులు కదిపి మరీ పిల్లల్ని నవ్వించేదాన్ని.

డాక్టరు నవ్వలేదు. చేతిలో పెన్ను కింద పెట్టి, ఏ మందు అని కన్నడంలో అడిగారు.

"తెల్లగా ఉండిందప్పా" అంది మా అత్త.

తెల్లగా ఉండే మందులు చాలా ఉన్నాయని, ఆపరేషన్‌కు వాటిలో నాలుగైదు వాడక తప్పదని ఆయన చెప్పారు. పరీక్ష చేసే వీలుంది కానీ దేనికి చేయాలో తెలియాలి కదా అన్నారు. రాయి పైత్యం దిగే దారికి అడ్డం పడితే అప్పటికప్పుడు కడుపు కోయాల్సి వస్తుంది, ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అందుకని వచ్చే గురువారం ఆపరేషన్ పెట్టి, ఆలోగా ఆ మందు పేరు పట్టుకు రమ్మన్నారు. ఆస్పత్రి వాళ్ళిచ్చిన చీటీలు ఏమయ్యాయని అడిగితే, గూళూరు ఇంట్లో చెదలు తిన్నాయని మా అత్త చెప్పింది. చెదలకు ఏమీ కాలేదా అని నేను గొణిగాను. ఆమెకు వినబడింది.

మర్నాడు బాగేపల్లి వెళ్ళాను. ఆస్పత్రికి పోయినేడాది కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. కౌంటర్లో అమ్మాయి చకచకా కొట్టి చూసి రికార్డు లేదంది. ఆ సాఫ్ట్‌వేర్ లెక్కన అది రాకముందు బాగేపల్లి తాలూకాలో ఎవరికీ జ్వరం కూడా రాలేదు. పాత కంప్యూటర్ పాత ఇనుము కింద గుజరీకి పోయింది. కాగితాల కేసుషీట్లు ఇన్నేళ్ళు ఉంచరు.

ఇందుకు ఎవరినీ తిట్టే వీలు కూడా నాకు లేదు. ఎందుకంటే ఆ పాత కంప్యూటర్‌ను చూసుకున్నది నేనే. చింతామణిలో ఇప్పుడు నాకో చిన్న కంప్యూటర్ షాపు ఉంది కానీ, పెళ్ళికి ముందు ఒక సర్వీసు కంపెనీ తరఫున బస్సులో ఊరూరూ తిరిగేదాన్ని. ఆ మిషన్‌లో డిస్కు చాలా చిన్నది. అందుకని రెండేళ్ళు దాటిన కేసులన్నీ ఏడాదికోసారి తుడిచేయాలని రూలు పెట్టింది నేను. రోజూ సాయంత్రం ఉన్నదంతా ఒక టేపులోకి ఎక్కించాలి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద క్యాసెట్టు అది. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు టేపులు, తర్వాతి వారం మళ్ళీ అవే టేపుల మీద పాతది చెరిపి కొత్తది. ఇదీ నేనే. అంటే మా అత్త చచ్చి బతికిన సంగతిని పద్ధతి ప్రకారం రెండుసార్లు తుడిపించిన ఘనత నాది. ఆ రోజుకు ఆమె నాకు అత్త కాదు కాబట్టి కక్షతో చేశానని ఎవరూ అనలేరు.

బస్టాండ్‌లో కూర్చున్నాక రికార్డు రూము గుమాస్తా గుర్తొచ్చారు.

ఆయనకూ నాకూ అప్పట్లో పెద్ద తగవు. ఆయుధపూజ రోజు ఆస్పత్రిలో అంబులెన్సు నుంచి స్టెతస్కోపు దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టేవాళ్ళు. ఆయన కంప్యూటర్‌కు గంధం పూసి, ఆ రోజు బ్యాకప్ ముగించి, టేపు బయటికి తీసి దానికీ బొట్టు పెట్టేవారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. మరుసటి వారం ఆ టేపు వంతు వచ్చినప్పుడు మాత్రం చెరపనని మొండికేసేవారు.

"పూజ చేసినదాన్ని ఎట్లమ్మా చెరిపేది? దేవుని పటం తుడిచి దాని మీద క్యాలెండర్ రాస్తారా?"

దాన్ని బీరువాలో పెట్టేసి కొత్త టేపు అడిగేవారు. మరుసటేడు మళ్ళీ ఇదే పాట. ఒకసారి నాకు ఒళ్ళు మండి, "పద్ధతి పాటించడం లేదు, టేపులు వృథా చేస్తున్నారు" అని విజిట్ రిపోర్టులో రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన నెమ్మదిగా చదివి, అంతా నిజమేనని ఒప్పుకొని, కింద కన్నడంలో ముత్యాల్లాంటి అక్షరాలతో సహి చేశారు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రిటైరై చాలా ఏళ్ళయింది. నన్ను గుర్తుపట్టి, రిపోర్టు రాసిన అమ్మాయి అని భార్యకు పరిచయం చేశారు. టేపుల సంగతి అడిగాను.

"యాడికి పోతాయమ్మా, ఉండాయి. పారేస్తామన్నారు. పూజ చేసినవాటిని చెత్తలో ఎట్ల వేస్తారని పెద్ద డాక్టర్నడిగి తెచ్చుకున్న్యా" అన్నారు.

ఉన్నది ఎక్కడో చూసి నా పై ప్రాణం పైనే పోయింది. దేవుని గూట్లో, దీపానికి జానెడు దూరంలో, బిస్కెట్ల డబ్బాలో. మొత్తం తొమ్మిది టేపులు. ఆయన రిటైరైనా వాటికి పూజ ఆగలేదు. ప్రతి దసరాకూ కొత్త బొట్టు పడింది. లేబుల్ మీద రాసిన సంవత్సరాలు కుంకుమ కింద ఎక్కడో ఉన్నాయి.

టేపులు నాకివ్వమంటే ఒప్పుకోలేదు. ఆస్పత్రి వాళ్ళ అనుమతి చీటీ నాచేత తెప్పించి, ఎల్లుండి స్నానం చేసి తానే తెస్తానన్నారు. చెప్పినట్టే డబ్బా ఒళ్ళో పెట్టుకొని చింతామణి బస్సు దిగారు. షాపు గడప దగ్గర చెప్పులు విడిచారు. నేనూ విడవాల్సొచ్చింది.

టేపు చదివే డ్రైవు మా అటక మీద ఉంది. మా ఆయన దాన్ని ఎన్నోసార్లు పాత ఇనుము వాడికి చూపించాడు, నేను ఎన్నోసార్లు వెనక్కి తెచ్చుకున్నాను. దానికి సరిపడే పాత కంప్యూటర్ కూడా దించి, దుమ్ము దులిపి, మొదటి టేపు పెట్టాను. కర్రుమని ఒక చప్పుడు చేసి బయటికి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఉమ్మేసింది. లైటేసి లోపలికి చూస్తే నోరంతా ఎర్రగా ఉంది.

"అత్తా, అటక మీది సామాన్లకు కూడా బొట్లు పెట్టినావా?"

"పెట్టకుండా ఎట్ల? అది ఇంట్లో వస్తువు కాదా?" అంది మా అత్త. ఆమె అప్పటికే ప్లాస్టిక్ స్టూలు వేసుకొని షాపులో కూర్చుంది. గుమాస్తాగారు ఆమె వైపు చాలా గౌరవంగా చూశారు.

స్పిరిట్టూ దూదీ పెట్టి సగం పూట కడిగాను. టేపుల మీది గంధం గోటితో గీకి, లేబుళ్ళ మీది సంవత్సరాలు బయటికి తీశాను. ఏ ఏడు ఆపరేషన్ అయిందో చెప్పమంటే మా అత్త, "మన బోరు ఎండిపోయిన సంవత్సరం" అంది. గూళూరులో అది ఏ సంవత్సరమైనా కావచ్చు.

"మొదటి బోరా, రెండోదా?" అని గుమాస్తాగారు అడిగారు.

"మూడోది."

ఆయన కళ్ళు మూసుకొని వేళ్ళ మీద ఏదో లెక్కేసి, ఒక టేపు తీసి నా చేతికిచ్చారు. అది తిరగలేదు, లోపల రీలు అతుక్కుపోయింది. వేలితో తిప్పి చూసినా కదల్లేదు. మా అత్త మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తర్వాతి ఏడాది టేపులో కూడా రెండేళ్ళ కేసులుంటాయి కదమ్మా, నీ రూలే కదా అని ఆయనే గుర్తుచేశారు. అది పెట్టాను. కాసేపు తటపటాయించి తిరగడం మొదలుపెట్టింది. షాపు మూసే వేళకు ఫైళ్ళన్నీ దిగాయి.

అదే పేరుతో పదకొండు మంది ఆడవాళ్ళున్నారు. గూళూరు అని వెతికితే ఒకరే. వయసు నలభై తొమ్మిది అని ఉంది. ఆ లెక్కన మా అత్తకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడాలి. రేషన్ కార్డులో అరవై రెండు.

"రాసినోడికి లెక్కలు రావు" అంది ఆమె.

"రాసింది నేనేనమ్మా" అన్నారు గుమాస్తాగారు.

వాళ్ళ వాదన అవతలుంచి నేను కిందికి చదివాను. సెఫోటాక్సిమ్ అనే మందు సూది. ఇచ్చిన వెంటనే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడలేదు, నాడి దొరకలేదు. ఎన్ని నిమిషాలు దొరకలేదో, ఎవరు గుండె మీద ఒత్తారో, ఎన్నింటికి తిరిగి కొట్టుకుందో వరసగా రాసి ఉంది. ఈ మందు ఇక ఎప్పుడూ ఇవ్వరాదని చివర పెద్ద అక్షరాలు.

నేను గట్టిగా చదవడం మొదలుపెట్టాను కానీ నాడి దగ్గర ఆగిపోయాను.

"చదువు" అంది మా అత్త. చదివాను. "నేను చెప్తే నవ్వుతాంటిరి కదా" అంది, కోపంగా కూడా కాదు.

నాకు తలెత్తాలంటే సిగ్గేసింది. గుమాస్తాగారి వైపు తిరిగాను. "మీరు ఆ రోజు నా మాట వినకపోవడమే మంచిదయింది అప్పా" అన్నాను.

"నేను అప్పుడే చెప్పినా కదమ్మా. నువ్వు రాసుకున్న్యావు, నేను సహి చేసినా" అన్నారు ఆయన, టేపులు లెక్కపెట్టి డబ్బాలో సర్దుకుంటూ.

ఆ మందు పేరు మా అత్త నాచేత ఇరవైసార్లు చెప్పించుకుంది. ఒక్క అక్షరం రాని మనిషి, రెండు రోజుల్లో నాకంటే స్పష్టంగా పలకడం నేర్చుకుంది. గురువారం చిక్కబళ్ళాపురంలో డాక్టరుకు చెప్పింది, నర్సుకు చెప్పింది, మత్తిచ్చే ఆయనకు చెప్పింది, స్ట్రెచర్ తోసే ఆయనను ఆపి ఆయనకూ చెప్పింది. తలుపు మూసుకునేదాకా చెబుతూనే ఉంది. అంత భయం ఆమె ఎప్పటినుంచి మోస్తోందో నాకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం తెలివి వచ్చాక, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, అది ఇయ్యలేదు కదా అని అడిగింది. ఇయ్యలేదత్తా అన్నాను. "నువ్వు చూసినావా?" అంది. లోపలికి నన్ను రానివ్వలేదు, నేను చూడలేదు. అయినా చూసినానని చెప్పాను. ఆమె వెంటనే నమ్మి నిద్రపోయింది. ఇరవై ఏళ్ళు ఆమె చెప్పినది నమ్మడానికి నాకు మాత్రం టేపు కావాల్సి వచ్చింది.