గని కప్పు తట్టిన చప్పుడు

డెబ్బయ్యవ దశకంలో నేను వరంగల్‌లో తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదువుతుండేవాణ్ని. మనిషి తన భయంలోంచే దేవుణ్ని కల్పించుకున్నాడని మాస్టారు చెప్పిన పాఠం నా బుర్రలో తిష్ఠ వేసింది. మా బాపు మాత్రం నన్ను పాస్టరు చదువుకు పంపుతున్నానని చర్చి సంఘంలో అందరికీ చెప్పేసుకున్నాడు. నాకు నమ్మకం పోయిందని ఆయన మొహం మీదే చెప్పాలి. ఆ ఒక్క మాట కోసమే గోదావరిఖని బయలుదేరాను.

కాజీపేటలో పొద్దున ఆరింటి ప్యాసింజరెక్కి, పది దాటాక రామగుండంలో దిగాను. అక్కడి నుంచి బస్సు, టికెట్టు పావలా. కండక్టరు నా చేతిలోని లావు పుస్తకం చూసి, "ఏంది తమ్మీ, గది సదివితె నౌకరొస్తదా?" అన్నాడు.

"ఉన్న నమ్మకం పోతదన్నా."

"గట్లయితె మూసెయ్యరాదు!" అని బస్సంతా నవ్వించాడు. నాకు ఒళ్లు మండింది.

బాపు గనిలో సర్దార్. కప్పు గట్టిగా ఉందో లేదో చూశాకే కార్మికులను పనిలోకి పంపడం ఆయన డ్యూటీ. మధ్యాహ్నం షిఫ్టుకు పోతూ, మేనేజరును బతిమాలి నన్నూ తీసుకెళ్లాడు. గని ముఖద్వారం దగ్గర కొందరు మైసమ్మకు మొక్కుతుంటే, బాపు టోపీ తీసి కళ్లు మూసుకుని ప్రార్థించాడు. పనివాళ్లను వెనక దూరంగా వదిలి, ఏటవాలు దారిలో అరగంట నడిచాక, "దీపం ఆర్పు బిడ్డా" అని తన టోపీ దీపం కూడా ఆర్పాడు. అబ్బో, ఏం చీకటి! నా చెయ్యి నాకే కనబడలేదు. ఏ కాలపు అడవో బొగ్గయి మా చుట్టూ నిలబడి ఉంది. మొహం కనబడదు కదా, ఆ ధైర్యంతో నోరు పెగిలింది.

"బాపూ, నేను పాస్టరు చదువుకు పోను. దేవుడున్నడో లేడో, నాకంత అనుమానమే."

బాపు దీపం వెలిగించి, చేతికర్రతో కప్పు తట్టాడు. ఖంగుమంది. నాలుగడుగులు వేసి మళ్లీ తట్టాడు. ఈసారి డొల్ల చప్పుడు. వెనక వస్తున్నవాళ్లను, "ఆగుండ్రి! కప్పుకు దుంగ ఆనించినంకనే రావాలె" అని ఆపేశాడు.

"పైన ప్రార్థన చేస్తివి గద, మళ్ల ఎందుకు కొడుతున్నవ్?" ఉండబట్టలేక అడిగాను.

"మొక్కకపోతె నాకు లోపలికి అడుగు పడదు. అనుమానపడకపోతె గీళ్లంత సస్తరు. ఇరవై ఏండ్ల సంది రెండూ చేస్తున్న." కర్ర నా చేతికిచ్చాడు. "నువ్వు గూడ కొట్టి సూడు బిడ్డా. డొల్లగుంటె డొల్లనే అను. సంఘంల నేను జెప్త, ఫికర్ జెయ్యకు."

నేను తల వంచుకుని ఏడ్చేశాను.

నేను పాస్టరును కాలేదు, తత్వశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. దేవుడి సంగతి ఇప్పటికీ తేలలేదు, ఇంకా తట్టి చూస్తూనే ఉన్నాను. ఆ రోజు బాపు ముందు వంగిన తల మాత్రం మళ్లీ ఎవరి ముందూ అంతలా వంగలేదు.

మీరూ గని చూడాలనుకుంటే ముందుగా అనుమతి తీసుకోండి, పాత బూట్లు వేసుకోండి. లోపల సర్దార్ కర్ర ఎత్తగానే మాటలు ఆపేయండి. ఆయన వినాలి.