అమావాస్య విరేచనాలు

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ మొదటివారంలో, కృష్ణా డెల్టాలోని ఒక చేనేత పట్టణానికి నన్ను పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకురాలిగా వేశారు. భవానీపురంలోని మా ఇంటి నుంచి బస్సులో గంటన్నర ప్రయాణం. హోదా వినడానికి పెద్దదే కానీ ఆసుపత్రిలో పని మాత్రం మామూలు డాక్టరుదే. పొద్దున గేదెలు, మధ్యాహ్నం కాగితాలు, మధ్యమధ్యలో కుక్కలు.

చేరిన నెలలోనే మల్లేశ్వరరావు అనే నేతగాడు పండు అనే నాటుకుక్కను తీసుకొచ్చాడు. దానికి జిగురుతో, రెండు మూడు చుక్కల ఎర్రటి రక్తంతో విరేచనాలు. కుక్క మాత్రం హుషారుగా తోక ఊపుతోంది. జ్వరం లేదు. చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకుంటోంది, అంటే ఒంట్లో నీరు తగ్గలేదు. మైక్రోస్కోపు కింద చూస్తే మలంలో పురుగుల గుడ్లూ లేవు. అయినా అలవాటు కొద్దీ పురుగుల మందు ఇచ్చాను. రెండు రోజుల్లో తగ్గింది. నెల తిరిగేసరికి మళ్లీ అదే బాధ. ఈసారి యాంటీబయాటిక్ రాశాను. మళ్లీ రెండు రోజుల్లో తగ్గింది. రెండుసార్లూ నా మందే పనిచేసిందనుకుని మురిసిపోయాను.

మూడోసారి అతనితో పాటు వాళ్లమ్మ శేషమ్మగారు కూడా వచ్చింది.

"ప్రతి అమావాస్యకీ ఇంతేనమ్మా. సరిగ్గా ఆ రోజే నెత్తురు పడతంది. మా కోడలికి ఏడో నెల. ఇట్టాంటిదాన్ని ఇంట్లో ఎట్టా ఉంచుకుంటాం? వచ్చే అమావాస్యకి మళ్లీ అయిందా, కృష్ణ అవతల వదిలేసి రమ్మన్నాను వీణ్ణి."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నదాన్నన్న పొగరు కూడా కొంత ఉంది. అమావాస్యకీ కుక్క పేగుకీ ఏం సంబంధమని గట్టిగానే కసిరాను. మల్లేశ్వరరావు కుక్క మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. "వదిలితే అది బతకదండీ," అన్నాడు నెమ్మదిగా.

వాళ్లు వెళ్లాక ఓపీ రిజిస్టరు తీశాను. మూడు తేదీలను క్యాలెండరుతో సరిచూస్తే మూడూ అమావాస్య మర్నాడే, అంటే ప్రతిసారీ మొదలైంది అమావాస్యనాడే. సిగ్గేసింది. ఆ రోజు మగ్గాలకు సెలవని, మల్లేశ్వరరావు కుక్కను మోపెడ్ మీద కాలవకు తీసుకెళ్తాడని మా కాంపౌండరు చెప్పాడు. అయితే కాలవ నీళ్లే కారణమై ఉంటాయనుకున్నాను. అయినా ఈసారి కళ్లతో చూడకుండా మందు రాయదలచుకోలేదు.

తర్వాతి అమావాస్యనాడు ఏడు గంటలకల్లా వాళ్లింటికి వెళ్లాను. నెలంతా గుంటమగ్గం పక్కనే పడుకునే కుక్క, ఆ రోజు మగ్గం చప్పుడు లేకపోయేసరికి తెల్లవారినప్పటి నుంచే గిరగిరా తిరుగుతోందట. మల్లేశ్వరరావు మోపెడ్ కడగడం మొదలుపెట్టగానే మూలిగింది, ఎగిరింది, గిన్నెలో అన్నం నమలకుండా మింగేసింది. గుమ్మం దాటకముందే రెండుసార్లు దొడ్డికి వెళ్లింది. జిగురు, నెత్తురు. కాలవ నీళ్ల తప్పేమీ లేదు.

ఇది రోగం కాదు, సంబరం. భయానికైనా పట్టలేని ఆనందానికైనా కొన్ని కుక్కల పెద్దపేగు తొందరపడి, లోపలి పొర రేగుతుంది. ఉద్వేగం తగ్గితే అదే సర్దుకుంటుంది. నా మందులన్నీ దండగే. యజమాని ఖాళీగా దొరికే ఒక్క రోజే పండుకు పండగ, ఆ పండగే దానికి అరగడం లేదు.

శేషమ్మగారిని అరుగు మీద కూర్చోబెట్టి ఇదంతా చెప్పి, ముందు కసిరినందుకు క్షమించమన్నాను. ఒక్క నెల గడువు అడిగాను. "ఒక్క నెలేనమ్మా," అంది.

మల్లేశ్వరరావుకు చెప్పిన వైద్యం ఇది: రోజూ మగ్గంలో కూర్చునే ముందు కుక్కను పావుగంట తిప్పాలి. బండి చప్పుడు దానికి మామూలైపోయేలా, ఎక్కడికీ వెళ్లకపోయినా రోజుకోసారి మోపెడ్ స్టార్టు చేసి ఆపేయాలి. అమావాస్యనాడు పెరుగన్నం సగమే పెట్టి, అది నెమ్మదించాకే బయలుదేరాలి. ఊరికే బండి స్టార్టు చేసి ఆపుతున్నాడని వీధంతా నవ్వారట. అయినా మానలేదు.

మళ్లీ అమావాస్య వచ్చింది. పదకొండింటికి ఆసుపత్రి గేటు దగ్గర శేషమ్మగారు ఒక్కర్తే కనపడింది. కుక్కను వదిలేయడానికే కొడుకును పంపిందేమో అనుకున్నాను.

"పండుగాడు ఇయ్యాల గట్టిగానే వెళ్లాడమ్మా," అంది రాగానే. "మా అబ్బాయి మాట నమ్మలేక నేనే వెనకాల వెళ్లి చూసొచ్చాను. ఇప్పుడు కాలవలో ఈతలు కొడతన్నాడు."

హమ్మయ్య అనుకున్నాను. పైకి కూడా అన్నాననుకుంటాను. తర్వాతి రెండు అమావాస్యలూ మామూలుగానే గడిచాయి. కోడలికి ఆడపిల్ల పుట్టింది, కుక్క ఇంట్లోనే ఉంది.

ముప్ఫయ్యేళ్ల అనుభవంతో నేను చూడనిది ఆవిడ మూడు నెలల్లో చూసింది. ఆవిడ చెప్పిన కారణం తప్పు, చూసింది మాత్రం నిజం. కారణం నచ్చక నేను ఆ నిజాన్ని కూడా కొట్టిపారేశాను. ఆ తర్వాత మిగిలిన మూడున్నరేళ్లలో పశువును తెచ్చినవాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా థర్మామీటరు చేతిలోకి తీసుకోలేదు.