మూడు చీరల లెక్క

నిన్న పొద్దున పదకొండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చిన్నమామ్మ..." అని ఆగిపోయాడు.

నేను "ఆఁ, చెప్పు" అన్నాను. అర్థమయ్యాక కూడా ఇంకోసారి అన్నాను.

ఫోన్ పెట్టేసి ఏం చేశానో తెలుసా? తర్వాతి పేషెంట్‌ని పిలిచాను. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

అప్పటినుంచి కాలు నిలవడం లేదు. కాఫీ కలుపుతాను, తాగను. ఈ పోస్ట్ కూడా మూడుసార్లు రాసి కొట్టేశాను.

"తొంభై అయిదేళ్లు, నిండు జీవితం" అని అందరూ మెసేజ్‌లు పెడుతున్నారు. పెట్టండి. నాకు మాత్రం మనసుకు సర్దిచెప్పుకోవడం చేతకావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సుగుణమ్మ గారు మా మామ్మకి చెల్లెలు. పంతొమ్మిది వందల నలభైల్లో, యుద్ధం రోజుల్లో, బెజవాడలో నర్సు. కడుపులో పిండం ఎన్ని వారాలదో చెప్పడం ఇప్పుడు నా ఉద్యోగం. నాకు స్కాన్ మెషిన్ ఉంది. ఆవిడకి లేదు.

ఆవిడ పనిచేసిన ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ, గర్భం పోయినప్పుడు బయటపడిన పిండాలను ఫార్మలిన్ సీసాల్లో దాచేవారు. భూతద్దం కింద పెట్టి, పొడవు కొలిచి, బొమ్మ గీసి, మద్రాసు పంపేవారు. అక్కడ మైనంలో పొదిగి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, ఒక్కో ముక్కా మైక్రోస్కోప్‌లో చూసేవారు. ఏ వారంలో గుండె, ఏ వారంలో వేళ్లు అని మనం పుస్తకాల్లో చదువుకున్నది ఇలాంటి సీసాల నుంచి వచ్చిందే.

వయసు తేలాలంటే తారీఖు కావాలి. అది అడగడం చిన్నమామ్మ పని. "ఆఖరిసారి బయట కూర్చుంది ఎప్పుడమ్మా?"

ఎవరూ తారీఖు చెప్పేవారు కాదట. "కాలవలు వదిలిన వారం" అనేవారు, "నాట్లు అయ్యాక" అనేవారు. ఆవిడ పంచాంగం ముందేసుకుని వారాలుగా మార్చి రాసేది.

ఒకరోజు చల్లపల్లి వైపు నుంచి ఒక నేతింటి కోడలిని, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో తీసుకొచ్చారు. పేరు నాగరత్నం. గర్భం పోయింది. పక్కన, కబురంది వచ్చిన అత్తగారు. మొగుడు చీరల మూటతో ఊళ్లమ్మట తిరగడానికి వెళ్లాడు. అతను వెళ్లిన రోజే ఈ పిల్ల పుట్టింటికి వెళ్లి, అక్కడే మగ్గం నేస్తూ ఉంది.

నెల తప్పి ఎన్నాళ్లయిందని అడిగితే, "మగ్గం మీంచి మూడు చీరలు దిగాయండి" అంది.

చీరకి వారం. మూడు వారాలు. పిండం పడేది నెల తప్పడానికి రెండు వారాల ముందు కాబట్టి ఆ రెండూ కలిపి, "అయితే పిండం అయిదు వారాలది" అని చిన్నమామ్మ పైకే చదువుతూ రాసింది. అత్తగారు పక్కనే ఉంది.

"మావోడు ఊరెళ్లి యాభై రెండు రోజులండి" అంది అత్తగారు. కోడలి వైపు చూడకుండా, "దీన్నింక మా గడప తొక్కనియ్యను" అంది.

తన నోటిమాటతో ఒక పిల్ల కాపురం కూలిపోతోంది. చిన్నమామ్మకి అప్పుడు ఇరవై ఏళ్లు. సీసా పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ భూతద్దంలో చూసి విసుక్కున్నారట. "అయిదు వారాలని ఎవరు రాశారు? అయిదు వారాలకి చేతులు తెడ్డుల్లా ఉంటాయి, అంతే. దీనికి వేళ్లు విడిపోయాయి. తోక కూడా పోయింది. ఎనిమిది వారాలకి తక్కువ ఉండదు."

అంటే మొగుడు ఊళ్లో ఉన్నప్పటిదే.

మళ్లీ వార్డుకి పరుగు. అత్తగారు వరండాలో ఉంది. మరి మూడే చీరలెలా అని అడిగితే, నాగరత్నం గొంతు తగ్గించి చెప్పింది. "మా అమ్మోళ్లింట్లో నూలు లేదండి. మూడు వారాలు మగ్గం ఊరికే ఉంది. మా అత్తకి తెలిస్తే మా నాన్న పరువు పోద్దండి. చెప్పకండి."

తన పరువు పోతున్నా నాన్న పరువు దాచింది ఆ పిల్ల. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఏడుపూ వస్తుంది.

చిన్నమామ్మ నూలు సంగతి ఎత్తలేదు. డాక్టరమ్మ అనుమతీ అడగలేదు. సీసా మీద తువ్వాలు కప్పి, భూతద్దం పట్టుకుని వరండాలోకి వెళ్లింది. "వేళ్లు చూడండమ్మా. అయిదు వారాలకి ఇవి ఉండవు. ఇది ఎనిమిది వారాలది."

పోగులు లెక్కపెట్టే కళ్లు కదా, అత్తగారు ఒక్కో వేలూ లెక్కపెట్టిందట. అయిదు. రెండో చెయ్యి కూడా చూసింది. నెల తప్పాక గడిచిన ఆరు వారాల్లో మూడే చీరలు ఎందుకు దిగాయో నేతమనిషికి ఒకరు చెప్పాలా?

లేచి కోడలి మంచం దగ్గరికి వెళ్లింది. "నూలు లేదని నాకో కబురు పెట్టలేకపోయావా? ఆ మూడు వారాలూ ఏం తిన్నావే?"

నాగరత్నం అప్పుడు ఏడ్చిందట.

ఈ కథ చిన్నమామ్మ ఎప్పుడు చెప్పినా ఇక్కడ ఆపేది కాదు. మూడో రోజు అత్తాకోడళ్లు కలిసి బస్సెక్కబోతుంటే నాగరత్నం వెనక్కి వచ్చి అడిగింది. "అండీ, దాన్ని ఎక్కడ పెట్టారు?"

"భద్రంగా ఉందమ్మా" అంది చిన్నమామ్మ.

అప్పటికే సీసా మద్రాసు రైలెక్కింది, మైనంలో పొదిగి కోయడానికి. దాచుకోవచ్చా అని ఆ పిల్లని ఎవరూ అడగలేదు. కోస్తారని ఎవరూ చెప్పలేదు.

"నేను అబద్ధం చెప్పానా, నిజం చెప్పానా?" అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. అలా కోసిన ముక్కలు చూసి చదువుకున్నదాన్ని నేను. నన్ను కాక ఎవరిని అడుగుతుంది? ప్రతిసారీ మాట మార్చాను. పోయిన ఆదివారం కూడా మార్చాను.

చిన్నమామ్మా, జవాబు నాకింకా తెలియదు. ఆ ప్రశ్న ఇక నేను మోస్తాను. నువ్వు నిమ్మళంగా వెళ్లు. నీ మనసుకి శాంతి దొరకాలి.