బహ్లాలో కొట్టిన గుమ్మడికాయ

మస్కట్ దగ్గర మబేలాలో, మా కూలీల రూమ్‌లో పాత హాలీవుడ్ బొమ్మలు చూసేది నేనొక్కణ్ణే. "తాతా, నీ దొరసాని మళ్ల ఏడుస్తున్నదా?" అని పోరగాళ్లు ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. బడి మొహం చూడనివాణ్ణి, కూడబలుక్కుంటూ చదివి తెలుసుకున్నాను. ఆ స్టూడియో దొరలు పైకొస్తున్న ఆడపిల్లల పేర్లు మార్చారు, పళ్లు మార్పించారు, ఎదురు చెబితే వేషాలు పీకేశారు. నలుపు తెలుపు పోయింది గానీ ఆ బుద్ధి ఎక్కడికి పోయింది?

మన తెలుగు సినిమావాళ్లు ఇక్కడి పాత మట్టికోట ఊరు బహ్లాకు ఆఖరి షెడ్యూలుకి వచ్చారు. నీళ్లు, గొడుగులు చూసుకునే డ్యూటీకి మా కంపెనీ నన్ను పంపింది. హీరోయిన్ కొత్తపిల్ల, అప్పుడప్పుడే జనం గుర్తుపడుతున్నారు. సినిమా మొత్తంలో ఆమెకంటూ ఉన్నది ఒకటే సీను, తండ్రి చనిపోయిన కబురు వినడం. ఆ సీనులో హీరో ఉండడు.

ముందురోజు హీరో డైలాగు మరిచిపోతే ఈమె గట్టిగా అందించింది. నలుగురూ నవ్వారు. అంతే, అప్పట్నుంచి యూనిట్లో ఆమెను పలకరించినవాడు లేడు. మట్టిగోడ నీడన ఒక్కతే కూర్చుని ఆ సీను మాటలు ఏడుస్తూ వల్లె వేసుకుంటోంది.

"తాతగారూ, ఏడుపు ఎక్కువైందా?" అని నన్నడిగింది.

"తక్కువే ఉన్నది బిడ్డా, ఇంకింత ఏడ్వొచ్చు."

నవ్వింది.

మధ్యాహ్నం హీరో కారెక్కి వెళ్లిపోయాడు. వెళ్లేముందు డైరెక్టరు చెవిలో ఏదో చెప్పాడు. మేనేజరు నా దగ్గరికొచ్చాడు.

"పెద్దాయనా, వ్యానులో గుమ్మడికాయ ఉంది, పట్రా."

గుమ్మడికాయ కొడితే షూటింగ్ ముగిసినట్టే. ఆ తర్వాత కెమెరా తిప్పరు, అశుభమంటారు.

"అమ్మాయి సీను ఉన్నది కద సార్?"

"నువ్వు డైరెక్టరువా?"

"కాదు. కండ్లున్నయి."

"కళ్లతో ఎవడు మోస్తాడయ్యా, చేతులతో పట్రా."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. తిట్టుకుంటూ అతనే తెచ్చుకున్నాడు. కర్పూరం వెలిగించి, దిష్టి తిప్పి, నేలకేసి కొట్టారు. చప్పట్లు. మేకప్‌తో ఆ పిల్ల పరుగున వచ్చింది.

"సార్, నా సీను?"

డైరెక్టరు ఫోన్ లోంచి తల ఎత్తలేదు. "హైదరాబాద్‌లో చూద్దాంలేమ్మా."

మిఠాయి పంచారు. ఆమె చేతిలోనూ ఒకటి పెట్టారు. అలాగే పట్టుకుని నిలబడింది.

సినిమా ఇక్కడ ఆడినప్పుడు శుక్రవారం సెలవునాడు ఒక్కణ్ణే వెళ్లాను. ఆ సీను హైదరాబాద్‌లో తీసినట్టున్నారు, కానీ కబురు హీరోకి వచ్చింది. ఆమె తండ్రి చావుకి అతను ఏడ్చాడు. పిల్ల వెనక ఎక్కడో, మసగ్గా నిలబడి ఉంది. హాలంతా ఈలలు. ఆ సీను ఆ పిల్లదని పక్కవాడికి చెబుదామనుకున్నాను, వాడూ ఈల వేస్తున్నాడు.